మక్కు ఆరనిదే పటం నిలవదు

సంపాదకులకు నమస్కారం.

శ్రావణం దగ్గరపడితే చాలు, ‘ఒక్కరోజులో తంజావూరు లక్ష్మి’ అంటూ తంజావూరు చిత్రకళ శిక్షణ తరగతుల ప్రకటనలు మొదలవుతాయి. వరలక్ష్మీ వ్రతానికి తమ చేత్తో చేసిన పటాన్నే పీఠం మీద పెట్టుకోవాలనుకోవడం ఎంతో మంచి కోరిక. అయితే వానాకాలంలో ఒక్కరోజులో ముగించిన ఉబ్బెత్తు పని త్వరలోనే పగిలి పెచ్చులూడుతుంది. పూజలో పెట్టిన పటం పగిలిందని ఎందరో కలతపడతారు. దానికి కారణం ఆరని మక్కే, అంటే ఉబ్బెత్తు కోసం పెట్టే సుద్ద, జిగురుల ముద్దే.

పటం ఎంతకాలం నిలుస్తుందో పలక దగ్గరే తేలిపోతుంది. 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మీద, గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను ఫెవికాల్‌తో అతికించాలి. పలక వెనక వార్నిష్ వేయకపోతే అటువైపు తేమ పీల్చుకుని వంగుతుంది. గుడ్డ మీద సుద్దపొడి, తుమ్మ జిగురు కలిపి పలచగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కోటి ఆరాక సాండ్ పేపర్‌తో రుద్దాలి. బొమ్మ గీశాక ముందు నగల రాళ్లు అతకాలి, తర్వాతే మక్కు.

మక్కుకు జల్లించిన సుద్దపొడి రెండు పాళ్లకు జిగురు ఒక పాలు. దోసెల పిండి కంటే చిక్కగా ఉండాలి. జిగురు తగ్గితే గోటితో గీకగానే పొడి రాలుతుంది, ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి అంచులు లేస్తాయి. ఒక్కో పూత మిల్లీమీటరు మించకూడదు. కిరీటం, మకర తోరణం నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తు రావాలంటే పూత మీద పూత వేసుకుంటూ పోవాల్సిందే. మధ్యలో నీడపట్టున ఒక రోజు, ముసురు పడితే రెండు రోజులు ఆరనివ్వాలి. ఎండలోనో హెయిర్ డ్రయర్ కిందో పెడితే పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలి తడి తర్వాత ఆరి కుంచించుకుంటూ దాన్ని చీలుస్తుంది. మక్కును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.

మక్కు మీద అతికే బంగారు రేకు 22 క్యారెట్లదే కొనాలి. చవక రేకు ఇత్తడి రకం, తేమకూ దీపం పొగకూ నల్లబడుతుంది. మక్కుకు జిగురు పలచగా రాసి, కొంచెం పెద్దగా కత్తిరించిన రేకును దూదితో అదిమి, రాళ్ల చుట్టూ మొద్దు పుల్లతో నొక్కి, మిగిలింది తీసేయాలి. రంగులు చివర్న.

కిట్లలో బాలకృష్ణుడో లక్ష్మో వస్తుంది గానీ, ఆ గీతకే కట్టుబడనక్కర్లేదు. తంజావూరు మరాఠా రాజు రెండో శరభోజి (1798–1832) ఏలుబడిలో వర్ధిల్లిన ఈ కళలో తెలుగు మాట్లాడే ‘రాజు’ కులపు చిత్రకారుల కుటుంబాల చేయి ఎంతో ఉంది. పోలేరమ్మనైనా, ఇంటి ఇలవేల్పు నరసింహస్వామినైనా, మరియమాతనైనా ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. రాతి రూపంలో ఉండే అమ్మవారికి తోరణం, బొట్టు మాత్రం ఎత్తుగా లేపి, ఆ రాతి రూపాన్ని రంగులోనే ఉంచితే నిండుగా ఉంటుంది. వెండి కళ్లు పెట్టేవారు వాటిని మక్కులో కాకుండా తీసి పెట్టుకునేలా అమర్చుకోవాలి. వెండి నల్లబడక మానదు, పటం మీదే తోమితే పక్కనున్న రేకు లేచిపోతుంది.

భద్రాచలం తలంబ్రాలు, కుంకుమ, విభూతి పటంలో కలపాలనుకునేవారికి ఒక మాట. విభూతి జల్లించి చిటికెడు మక్కులో కలిపితే ఇబ్బంది లేదు. పసుపు సుద్ద తడికి రంగు మారవచ్చు, పసుపు కుంకుమ రెండూ వెలుతురుకు వెలిసిపోతాయి. తలంబ్రాలు తడి మక్కులో ఉబ్బి బూజు పడతాయి, నెయ్యి తగిలిన గింజకు జిగురు పట్టదు, తర్వాత పురుగు చేరుతుంది. గుడిలో మూర్తి కింద రత్నాలు ఉంచి ప్రతిష్ఠించినట్టే, వీటినీ కంటికి కనబడకుండా ఉంచుకోవచ్చు. మక్కు పని మొదలుపెట్టకముందే పలక వెనక, మూర్తి గుండె వచ్చే చోట, 8 మి.మీ. లోతు గుంట తొలిపించండి. పటం పూర్తయ్యాక బాగా ఆరిన తలంబ్రాలను చిన్న గాజు గొట్టంలో వేసి మూత బిగించి అందులో ఉంచి, మైనంతో మూసేయండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం రాళ్లకు తగలకుండా 6 మి.మీ. ఎడం అడగండి.

వ్రతం నాటికి పటం కావాలంటే జ్యేష్ఠంలోనే పలక కొనుక్కోవాలి.

— తంజావూరు చిత్రకళ నేర్పే ఉపాధ్యాయులం, రాజమహేంద్రవరం