తాడిపత్రి రోడ్డు మీద మా బండ్లను నిలబెట్టినవాళ్ళకు కృతజ్ఞతలు

తాడిపత్రి–ముద్దనూరు రోడ్డు పక్కన పంచర్ షాపు నడిపే తాతకు, ఆ షాపు ఎదురుగా టీ బంకు పెట్టుకున్న అక్కకు, నాపరాళ్ళ లోడుతో పోతూ మా కోసం లారీ ఆపిన డ్రైవరన్నకు, ఆయన క్లీనరు తమ్మునికి అనంతపురం నుంచి మా అందరి నమస్కారాలు. గండికోట నుంచి వస్తున్న మూడు మోటార్ సైకిళ్ళు ఒకే సాయంత్రం గాలి పోయి నిలబడితే, చీకటి పడేలోగా మూడింటినీ రోడ్డెక్కించింది ఈ నలుగురే. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు లేవు. వాళ్ళు చేసిన పనిని మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాం. ఆ దారిలో తిరిగే ప్రతి బండికీ అది పనికొస్తుంది.

మొదటిది స్పోకుల చక్రం, ట్యూబు టైరు, వెనకది. తాత పని మొదలుపెట్టిన తీరే వేరు. టైరు ఎత్తే లివరు చేతికి తీసుకోకముందే సుద్దముక్కతో టైరు మీద సరిగ్గా వాల్వు ఉన్నచోటే ఒక గీత గీశాడు. చక్రం విప్పలేదు. బండిని డబుల్ స్టాండు వేసి, స్టాండు ఇసుకలో కుంగకుండా కింద ఒక నాపరాయి పలక పెట్టి, వాల్వు పిన్ను తీసి మిగిలిన గాలి మొత్తం వదిలాడు. వాల్వు నట్టు విప్పి, టైరు అంచును కాలితో తొక్కి రిమ్ము నుంచి విడదీశాడు. లివర్లు పెట్టింది వాల్వు దగ్గర. వాల్వుకు అవతలి వైపు అంచును రిమ్ము మధ్య పల్లంలోకి మోకాలితో నొక్కి పెట్టాడు. ఆ పల్లంలోకి అంచు దిగితేనే ఇటువైపు వదులు వస్తుంది, బలం అక్కర్లేకుండా టైరు లేస్తుంది. వాల్వు ఉన్నచోట ట్యూబు అడ్డం కాబట్టి అంచు అక్కడ లోపలికి దిగదు. అందుకే లివరు పని వాల్వు దగ్గర, పల్లంలోకి నొక్కడం దాని ఎదుటి వైపు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, లివరును బలంగా లాగి ట్యూబును వాళ్ళే కొరికేస్తారు.

అక్క ఇచ్చిన బేసిన్‌లో ట్యూబు ముంచితే బుడగలు ఒకచోటే వచ్చాయి. ఇక్కడ సుద్ద గీత పనికొచ్చింది. ట్యూబు వాల్వును గీత దగ్గర పెట్టి ట్యూబును టైరు చుట్టూ పరిస్తే, చిల్లి ఎక్కడుందో టైరులో ముల్లు కూడా అక్కడే ఉండాలి. ట్యూబును ఏ వైపుకి తిప్పి పట్టుకున్నామో గుర్తు లేకపోతే వాల్వుకు రెండు వైపులా అంతే దూరంలో చూస్తే సరి. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడలేదు. తాత నూలు గుడ్డ ఒకటి తీసి టైరు లోపల మెల్లగా తిప్పాడు. దారం ఒకచోట తట్టుకుంది. కంప ముల్లు, మొదలు రోడ్డు మీదే విరిగిపోయి, కొన మాత్రం రబ్బరులో దాక్కుని ఉంది. వేళ్ళతో వెతికితే వేలు చీలుతుంది, పైగా అంత చిన్న కొన స్పర్శకు అందదు. దబ్బనంతో లోపలి నుంచి బయటికి పొడిచి తీశాడు.

"సూడు నాయనా, ముల్లు తీయకుండా కొత్త ట్యూబు ఏసినా పది కిలోమీటర్లు పోదు. జనం ట్యూబును తిడ్తారు."

మా జిల్లాల్లో పంచర్ల విషయంలో ఇంతకంటే ముఖ్యమైన మాట లేదని మా అభిప్రాయం. రోడ్డు పక్క కంప చెట్లు కొట్టి ఎండబెట్టి బండ్ల మీద తరలించే చోటల్లా ఈ ముళ్ళు రాలుతాయి. ఎండిన ముల్లు పచ్చిదాని కంటే గట్టిది, టైరులోకి నేరుగా దిగి విరుగుతుంది. తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు వీటికి తోడు నాపరాళ్ళ చెక్కలు. లారీల నుంచి జారి రోడ్డు అంచున పడిన పెచ్చులు కత్తిలా ఉంటాయి. తెల్లగీత దాటి అంచున బండి నడిపేవాళ్ళకే ఇవి ఎక్కువ తగులుతాయి.

ట్యూబు మీద చిల్లి ఉన్నచోటే కారణం రాసి ఉంటుంది, చదవడం రావాలి. రోడ్డు వైపు ఒకే సన్న చిల్లి అయితే ముల్లు, మేకు. పక్కపక్కనే రెండు సన్న చీలికలు ఉంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి, రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. అక్కడ ప్యాచ్ వేసి అదే గాలితో నడిపితే మళ్ళీ అదే. చక్రం ఇరుసు వైపు, అంటే ట్యూబు లోపలి వైపు చిల్లి ఉంటే స్పోకు కొన పొడుచుకొచ్చింది, లేదా రిమ్ము మీది రబ్బరు పట్టీ పక్కకు జరిగింది. స్పోకు కొనను ఆకురాయితో రాచి, పట్టీ సరిచేసి, అప్పుడే ట్యూబు వేయాలి.

ప్యాచ్ వేయడంలో తాత తొందరపడని ఘట్టం ఒకటే: సొల్యూషన్ ఆరనివ్వడం. ఉప్పుకాగితంతో ప్యాచ్ కంటే కాస్త ఎక్కువ మేర గరుకు చేసి, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పలుచగా రాసి, వేలు పెడితే అంటుకోనంత వరకు ఆగాడు. తడి మీద వేసిన ప్యాచ్ ఎండకు టైరు వేడెక్కగానే అంచు లేస్తుంది. ఆరాక అంటించి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కి, పైన కొద్దిగా పౌడరు చల్లాడు. ట్యూబుకు గుండ్రంగా నిలిచేంత మాత్రమే గాలి పట్టించి లోపల పెట్టాడు. ముడతలు పోతాయి, లివరు కింద నలగదు. ఎక్కించడం వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాడు. చివర్లో వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే కింద ట్యూబు ఇరుక్కున్నా బయటపడుతుంది. గాలి పట్టించాక టైరు పక్కన రిమ్ముకు ఆనుకుని ఉండే సన్న గీత చుట్టూరా సమాన దూరంలో ఉందో లేదో చూశాడు. ఒకచోట లోపలికి పోయి ఉంటే అంచు సరిగ్గా కూర్చోలేదని, బండి ఊగుతుందని అర్థం.

చక్రం విప్పాల్సి వచ్చిన బండ్లకు ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. డ్రమ్ము బ్రేకు బండ్లకు బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ రాడ్డు ఒకటి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు దాన్ని మరిస్తే బ్రేకు తొక్కగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. నట్టు, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను రెండూ చూసుకోండి. చైను సర్దే గుర్తులు రెండు వైపులా ఒకే అంకె మీద ఉండాలి.

రెండోది ట్యూబ్‌లెస్ టైరు, మేకు దిగింది. ఈ పని చేసింది లారీ అన్న, క్లీనరు తమ్ముడు. పంచర్ కిట్ మా దగ్గరే ఉంది, గాలి కొట్టే సాధనం లేదు. తమ్ముడు ముందు అడిగింది, "అన్నా, మేకు యా పక్కకు వంగి దిగిందో సూసినారా?" అని. కటింగ్ ప్లేయరుతో మేకు లాగేటప్పుడే దాని వాలు గమనించాలి, రంధ్రం గరుకు చేసే సూదిని అదే వాలులో పోనివ్వాలి. నేరుగా పొడిస్తే లోపలి పొర వేరేచోట చిరిగి రెండో రంధ్రం పడుతుంది. మూడు నాలుగు సార్లు లోపలికి బయటికి ఆడించాక, స్ట్రిప్పును, అంటే రంధ్రాన్ని మూసే జిగట రబ్బరు ముక్కను, సూది కంట్లో సగానికి మడిచి ఎక్కించి, కొసలు ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా నెట్టి, సూదిని మెలి తిప్పకుండా ఒక్క ఊపున లాగాలి. మిగిలిన కొసలు మూడు మిల్లీమీటర్లు వదిలి కోసి, సబ్బు నీళ్ళు పోసి చూడాలి. బుడగ వస్తే అదే రంధ్రంలో రెండో స్ట్రిప్పు. ఇదంతా టైరు నడిమి భాగానికే. పక్క గోడ మీద పడిన చిల్లికి స్ట్రిప్పు వేయకూడదు. అక్కడ రబ్బరు నిరంతరం వంగుతూ ఉంటుంది, స్ట్రిప్పు ఊడి గాలి ఒక్కసారిగా పోతుంది.

గాలి లారీ బ్రేకు ట్యాంకు నుంచి పైపుతో పట్టించారు. ఆ ట్యాంకులో వంద పాయింట్ల (పీఎస్‌ఐ) పైన ఒత్తిడి ఉంటుంది, బైకు టైరుకు కావాల్సింది దానిలో మూడో వంతు. అందుకే అన్న వాల్వుకు ఆనించి ఒక్క క్షణం, తీసేసి గేజీతో చూడటం, మళ్ళీ ఒక్క క్షణం. లోడుతో గమ్యం చేరాల్సిన మనిషి అంత ఓపికగా నిలబడి కొట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మూడోదానికి మరమ్మతు లేదు, తాత ఆ మాట చూసిన వెంటనే చెప్పాడు. వాల్వు మొదట్లో ట్యూబు చిరిగింది. ఇద్దరు కూర్చున్న బండి, వెనక గాలి 20 పాయింట్లే ఉన్నట్టు ముందే తెలిసి ఉంటే ఆగేది. గాలి తక్కువైతే బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతుంది, ట్యూబును తనతో లాగుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని కదలదు. చివరికి మొదట్లో చీలుతుంది. వాల్వు ఒక పక్కకు వాలి కనబడితే ఇది మొదలైనట్టే. అక్కడ ప్యాచ్ పట్టదు. ప్యాచ్ వేస్తానని డబ్బు తీసుకునే అవకాశం ఉండి కూడా "ట్యూబు మార్సుకోండి" అన్న తాత నిజాయితీకి మరొక్కసారి దండం. ఆయన దగ్గరున్న 2.75/3.00–18 ట్యూబు సరిపోయింది. 2.75, 3.00 అంగుళాల వెడల్పు టైర్లు రెండింటికీ ఒకటే ట్యూబు వస్తుంది. 17 అంగుళాల ట్యూబును 18 అంగుళాల చక్రానికి సాగదీసి వేస్తే అది ఇల్లు చేరడానికి మాత్రమే.

తాత, లారీ అన్న ఇద్దరూ వేర్వేరుగా ఒకటే అడిగారు: పొద్దున గాలి చూసుకున్నారా అని. అందుకే ఆ లెక్క కూడా రాస్తున్నాం.

ఎంత గాలి అన్నది చైను కవరు మీదో, వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్ మీదో, బండి పుస్తకంలోనో ఉంటుంది. చాలా 100, 125 సీసీ బండ్లకు ముందు 25, వెనక ఒక్కరే అయితే 28 దగ్గర, ఇద్దరైతే ఇంకా ఎక్కువ. మీ బండి స్టిక్కరు మీదున్నదే లెక్క. కిలోల్లో (kg/cm²) రాసి ఉంటే 14.2తో హెచ్చవేయండి: 1.75 అంటే 25, 2 అంటే 28, 2.25 అంటే 32. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు మోయగలిగిన గరిష్ఠ బరువుకు సంబంధించింది, అంత గాలి పెట్టమని కాదు.

చూడాల్సింది చల్లగా ఉన్నప్పుడు: పొద్దున బండి తీయకముందు, లేదా మూడు గంటలు నీడలో నిలిపాక. టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర పాయింటు పెరుగుతుంది. మే నెలలో తెల్లవారుజామున 28 పెట్టిన టైరు మధ్యాహ్నం తారు రోడ్డు మీద 32 చూపించినా తప్పు లేదు. కంపెనీ చెప్పిన అంకెలో ఆ పెరుగుదల లెక్క ఉంటుంది. ఎండలో ఎక్కువుందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దునకు 24 అవుతుంది, నాలుగు పాయింట్లు పోయినట్టు. వాల్వు నలగడం, ట్యూబు చిట్లడం అక్కడి నుంచే. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా పట్టాలి, అది బంకు బాధ్యతే. కానీ పైపు గేజీలకు ఒకదానికొకటి పొంతన ఉండదు, సొంత గేజీ ఒకటి సీటు కింద ఉంచుకోండి. గాలి చూశాక వాల్వు మీద ఉమ్ము తడి పెట్టండి. బుడగ లేస్తే పిన్ను వదులు, తిప్పి బిగిస్తే చాలు. మూత తప్పనిసరి, మన దుమ్ముకు పిన్ను ఊరికే పట్టేస్తుంది.

నడుస్తుండగా గాలి పోతే: వెనకది పోతే తోక ఊగుతుంది, ముందుది పోతే హ్యాండిలు బరువెక్కుతుంది. యాక్సిలరేటరు మెల్లగా వదిలి, హ్యాండిలు నేరుగా పట్టి, గాలి ఉన్న చక్రం బ్రేకును మాత్రమే నెమ్మదిగా వేయండి. జాతీయ రహదారి మీద ఒంటరిగా చిక్కుకుంటే 1033కు ఫోను చేయండి. ఖాళీ టైరు మీద తొక్కుకుంటూ పోతే చిన్న చిల్లి కొత్త ట్యూబుగా, ఒక్కోసారి కొత్త టైరుగా మారుతుంది. వెనకది పోతే వెనక మనిషిని దించి, ఇంజను మొదటి గేరులో పెట్టి పక్కన నడవండి.

సంచిలో ఇవి ఉంటే దారిలో వేరొకరికీ పనికొస్తారు: గేజి, కాలు పంపు, ట్యూబ్‌లెస్ అయితే స్ట్రిప్పులు సూదులు, ట్యూబు బండి అయితే మీ సైజు ట్యూబు, రెండు వాల్వు పిన్నులు, మీ యాక్సిల్ నట్టుకు పట్టే పానా. ఏ పానా పడుతుందో ఇంటి దగ్గరే తేల్చుకోండి.

తాతకు ట్యూబు డబ్బు, కూలి ఇచ్చాం. అక్క నీళ్ళకు, సబ్బుకు, ఏడు టీలకు టీల డబ్బే తీసుకుంది. 2.75/3.00–18 ట్యూబులు రెండు, స్ట్రిప్పుల పెట్టె ఒకటి, ఒక గేజి ఆ షాపులో ఉంచి వచ్చాం. ఆ దారిలో వాల్వు చిరిగి ఆగినవాళ్ళు అడిగి వాడుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అదే సైజు ట్యూబు ఒకటి తాత చేతికి ఇస్తే చాలు.