ముందు వారి పని అడగండి, తర్వాత మీ మాట చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల నెల్లూరులో ఒక కళాశాల నిర్వహించిన సాంకేతిక ప్రదర్శనకు మనవరాలిని వెంటబెట్టుకొని వెళ్లాను. అక్కడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా వాడుకొని, మార్చుకొని, పంచుకోగల సాఫ్ట్‌వేర్, గురించి చెప్పే స్టాల్ ఒకటి ఉంది. 30 ఏళ్లుగా ట్రంకు రోడ్డు పక్క సందులో డీటీపీ పనితో బతుకుతున్నవాణ్ణి కనుక ఆ బల్ల దగ్గర దాదాపు గంటసేపు నిలబడ్డాను. ఇలాంటి స్టాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను కాబట్టే వాటి నిర్వాహకులకు, వాలంటీర్లకు కొన్ని విషయాలు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఆ పిల్లల శ్రద్ధకు వంక పెట్టలేం. అయితే అందరూ బల్ల వెనక వరుసగా కూర్చోవడంతో చూసేవారికి అది టికెట్ కౌంటర్‌లా అనిపించింది. ఎవరైనా ఆగితే, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన దగ్గర మొదలుపెట్టి 1991 నాటి లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) దాకా వచ్చేసరికి, ఎదుటి మనిషి చూపు పక్క స్టాల్‌లోని డ్రోన్ మీదికి మళ్లేది. చరిత్ర చెప్పవలసిందే, కానీ అంతకంటే ముందు "మీరు కంప్యూటర్‌తో ఏం పని చేసుకుంటారండీ?" అని అడగాలి.

మా ఊరికి ఈ మర్యాద కొత్త కాదు. రొట్టెల పండుగనాడు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగినవారు చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె అంటూ తమకు కావలసినదాన్ని పేరు పెట్టి అడుగుతారు. ఆ కోరిక తీరినవారే ఆ రొట్టె ఇస్తారు. వాలంటీరు కూడా అలాగే, వచ్చినవారి అవసరం తెలుసుకొని, తాను రోజూ వాడి మేలు పొందినదాన్నే చూపించాలి. రొయ్యల చెరువు లెక్కలు రాసుకునే రైతుకు ఉత్తరాలకు, లెక్కలకు పనికొచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో మేత ఖర్చు పట్టిక ఒకటి తెరిచి చూపిస్తే, పది నిమిషాల ఉపన్యాసంతో పనిలేదు.

ఆ గంటలో నన్ను బాధపెట్టిన సంఘటన ఒకటుంది. కావలిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే పెద్దాయన ఒకరు వచ్చి, "అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయా బాబూ?" అని అడిగారు. "అన్నీ ఓపెన్ అవుతాయి అంకుల్" అన్నాడు కుర్రవాడు. ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చారు. ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, అర్థంకాని గుర్తులు! ఆయన మారు మాట్లాడకుండా పెన్‌డ్రైవ్ తీసుకొని వెళ్లిపోయారు. అవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కాని ఫాంట్లనీ, ఆ ఫాంటు లేని ఏ కంప్యూటర్‌లోనైనా ఇలాగే కనిపిస్తాయనీ, యూనికోడ్‌లోకి మార్చుకొని ఆ తర్వాత ఓపికగా తప్పులు దిద్దుకోవాలనీ ముందే చెప్పి ఉంటే ఆయన తప్పక కూర్చొని వినేవారు. మార్చుకున్న పాఠంలో కావలసిన మాట వెతుక్కోవచ్చనీ, మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉన్నాయనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. కుదరనిదాన్ని కుదరదని చెప్పిన మనిషినే జనం నమ్ముతారు.

స్టాల్ బోర్డు మీద "ఫ్రీ సాఫ్ట్‌వేర్" అని రాశారు. అది చదివినవారు "ఎన్ని రోజులు ఫ్రీ?" అని అడగడం సహజం. ఇంగ్లిషులో ఒకే మాటకు ఉన్న రెండు అర్థాలతో వచ్చే చిక్కు మనకు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఏముందో చూసి మార్చుకోవడం, ప్రతులు పంచుకోవడం, మార్చినదాన్నీ పంచుకోవడం అనే నాలుగు స్వేచ్ఛలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే సగం సందేహాలు అక్కడే తీరతాయి. అలాగే, వచ్చినవారిని "మీరు వాడేది దొంగ కాపీ కదా" అని నలుగురిలో నిలదీయకూడదు. ఆ మాట విన్న ఒక దుకాణదారు ముఖం చిన్నబుచ్చుకొని వెళ్లిపోవడం నేను చూశాను.

ఎలా ఉండాలో చూపించిన అమ్మాయి కూడా అక్కడే ఉంది. మా మనవరాలిని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చింది, పిల్లలు బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ తెరిచి, "నువ్వే నొక్కు తల్లీ" అని చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. పాప తన పేరులోని మొదటి అక్షరం వంకరటింకరగా గీసేసరికి, వెనక నిలబడి చూస్తున్న ఒక తల్లి "ఇది మా ఇంట్లో పాత కంప్యూటర్‌లో పడుతుందా అమ్మా?" అని తనంతట తానే అడిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది కనుక ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ముందు ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరుచుకోవాలనీ, విండోస్ బదులు వాడుకోగల లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌తో నడిపి చూసి, ప్రింటర్ పనిచేస్తుందో లేదో తేల్చుకున్నాకే ఎక్కించాలనీ ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది.

అయితే ఆ తల్లి ఇంటికెళ్లాక ఎక్కడైనా ఆగిపోతే ఎవరిని అడగాలి? ప్రదర్శన ముగిశాక ఆ స్టాల్ ఉండదు. అందుచేత నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలులోని ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలలు నెలలో ఒక ఆదివారం ఒక ల్యాబ్‌ను జనం కోసం తెరిచి ఉంచాలనీ, ఆ చోటు, వేళ తెలుగులో అచ్చువేసిన చీటీని స్టాల్‌కు వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో పెట్టాలనీ కోరుతున్నాను. మా వీధికి దగ్గరలో అలాంటి ల్యాబ్ తెరిస్తే, పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పనిలో నాకు తెలిసినదంతా నేర్పడానికి ప్రతి నెలా వస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ నిర్వాహకుడు,
నెల్లూరు