నాలుగుసార్లు మూసేసిన నా ఫిర్యాదు గురించి

తిరుపతి

కస్టమర్ సర్వీసు మేనేజరు గారికి,

నమస్కారం. నేను కొర్లగుంటలో ఉంటాను. పాత చీరలు పేర్చి, కచ్చా కుట్టు వేసి జనం తెచ్చే బొంతలకు మిషన్ కుట్టు వేసివ్వడం నా పని. ఫిబ్రవరిలో కొన్న మీ మిషన్ మూడో నెలకే కుట్టు తప్పడం మొదలుపెట్టింది. సూది మార్చాను, 18 నంబరు లావు సూది వేశాను, కింది దారం బిగువు (బాబిన్ టెన్షన్) చూశాను, లాభం లేదు. మిషన్ అన్నాక చెడిపోతుంది. అందుకు రాయడం లేదు ఈ ఉత్తరం. నలభై రోజులుగా మీవాళ్ళు నన్ను మనిషిగా లెక్కచెయ్యలేదు, అందుకు రాస్తున్నాను.

మొదటిసారి ఫోన్ చేస్తే "ఇరవై నాలుగు గంటల్లో టెక్నీషియన్ వస్తాడు మేడమ్" అన్నారు. రెండు రోజులు అన్నానికి కూడా ఇంటికి వెళ్ళకుండా షాపులోనే కాచుకున్నాను. మూడోరోజు ఒకతను ఫోన్ చేసి "అమ్మా, ఓటీపీ వచ్చుంటుంది చెప్పు, సాయంత్రం వస్తా" అన్నాడు. నమ్మి చెప్పాను. దాంతో ఫిర్యాదు మూసేశాడు. పది నిమిషాల్లో "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజీ! మిషన్ మీద గుడ్డ కూడా ఎవరూ తీసి చూడలేదు.

మళ్ళీ చేస్తే 517501కి సర్వీసు లేదన్నారు. మరి అమ్మేటప్పుడు ఇదే పిన్‌కోడ్‌కి మిషన్ ఎలా దింపారు? నెల్లూరులో అడగమన్నారు. నెల్లూరు వాళ్ళు చెన్నై అన్నారు. చెన్నైలో తమిళంలో మాట్లాడితే తమిళంలోనే బదులిచ్చాను, మా వైపు వాళ్ళకి అదేం కష్టం కాదు. మాట పూర్తికాకముందే హోల్డులో పెట్టారు. పద్దెనిమిది నిమిషాలకి లైన్ కట్టయింది. ఆఖరిసారి మాట్లాడినతను "మీకు వాడటం తెలియక అయ్యుంటుంది, వీడియో చూడండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను సార్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈలోపు చంద్రగిరి నుంచి ఒకామె, చనిపోయిన వాళ్ళమ్మ చీరలతో బొంత తెచ్చింది. కూతురు కాన్పుకొస్తోంది, పుట్టే బిడ్డకి. పైన నీలం నూలుచీర. దాని మీద ఆరు వరసలు తప్పాయి. బ్లేడుతో ఒక్కో పోగూ విప్పాను. కొత్త గుడ్డయితే తడిపి రుద్దితే సూది చిల్లులు చాలావరకు పూడతాయి. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు పూడదు. వెలుతురుకి పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా కనిపించాయి. ఆమె ఏమీ అనలేదు, వేలితో తడిమి చూసుకుంది అంతే. నేను తలెత్తలేకపోయాను. మిగతాది చేత్తో కుట్టిచ్చాను, కూలి తీసుకోలేదు.

మా అమ్మ కాలితో తొక్కిన మిషన్ మీ కంపెనీదే. నేను మొదట కొన్నదీ మీ కంపెనీదే. నా మాట మీద మా వీధిలో ముగ్గురు మీ మిషన్లే కొన్నారు. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పాలి?

పది రోజుల్లో పని తెలిసిన మనిషిని పంపండి. సూది దారాన్ని కింద షటిల్ సరిగ్గా అందుకుంటోందో లేదో, ఆ టైమింగ్ విప్పి చూడమనండి. బాగుపడకపోతే వేరే మిషన్ ఇవ్వండి, పోయిన కూలి సంగతి కూడా తేల్చండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న చోటే కేసు వెయ్యొచ్చు, కొన్న ధర ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఇన్నాళ్ళు నన్ను ఊరూరా తిప్పారు, అప్పుడు మీరే మా ఊరికి రావాలి. బిల్లు, నాలుగు ఫిర్యాదు నంబర్లు, ఆ మెసేజీ అన్నీ దాచిపెట్టాను.

వచ్చే మనిషికి ముందే చెప్పండి: బొంత మీద కుట్టు చూశాకే ఓటీపీ ఇస్తాను.

ఇట్లు,
కొర్లగుంటలో బొంతలు కుట్టే మీ కస్టమర్