హార్లెక్ విమానం రెక్క విషయంలో మా పొరపాటు, ఇంకా మరికొన్ని సంగతులు

మార్చి నుంచి ఇప్పటిదాకా మా దగ్గర హార్లెక్ విమానం బొమ్మ కొన్న 41 మందికీ ముందుగా చెప్పవలసిన మాట ఇది. మీ ఇంట్లో ఉన్న బొమ్మకు రెండు రెక్కలూ నిండుగా ఉన్నాయి. అలా ఉండకూడదు. తప్పు మాదే.

కిందటి నెలలో ఒక పెద్దాయన మారేడ్‌పల్లిలోని మా దుకాణానికి వచ్చారు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి హకీంపేటలో పదవీ విరమణ చేశారట. బొమ్మను చేతిలోకి తీసుకుని, రెక్క అంచు మీద వేలు పెట్టి కొసదాకా జరిపి, మళ్లీ రెండో వైపూ అలాగే చూశారు. “అమ్మా, ఇది ఒడ్డున దిగినప్పుడు ఒక రెక్క కొస తెగిపోయింది కదా, ఇక్కడ ఉందేమిటి?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నేను దాచుకున్న కాగితాలన్నీ తీసి చూశాను. ఆయన చెప్పిందే నిజం. ఆ వాక్యాన్ని నేను చదివాను కూడా. చదివి, బొమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆ రకం విమానమైన మామూలు పీ-38 నమూనా గీతలే బొమ్మలు చెక్కే మేస్త్రిగారి చేతికి ఇచ్చాను.

ఆ విమానం కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. 1942 సెప్టెంబరు 27న అమెరికా వైమానిక దళానికి చెందిన లాక్‌హీడ్ పీ-38ఎఫ్ యుద్ధ విమానం కాల్పుల సాధన కోసం బ్రిటన్‌లోని వేల్స్ తీరం మీద ఎగురుతోంది. నడుపుతున్న రాబర్ట్ ఎలియట్‌కు 24 ఏళ్లు. ఇంధన సరఫరాలో జరిగిన పొరపాటు వల్ల విమానం గాలిలో నిలిచే స్థితి పోయింది. హార్లెక్ ఊరి దగ్గర లోతు తక్కువగా ఉన్న సముద్రపు నీళ్లలో అతను దాన్ని పొట్ట మీదే దింపాడు. రెక్క కొస తెగింది, అతనికి మాత్రం ఏమీ కాలేదు. మూడు నెలలు తిరగకముందే ట్యునీషియా మీద జరిగిన పోరులో ఎలియట్ కనిపించకుండా పోయాడు. ఆ ఒడ్డున బతికి బయటపడిన విమానం మాత్రం ఇసుక కప్పుకుని అక్కడే ఉండిపోయింది.

65 ఏళ్ల తర్వాత, 2007 వేసవిలో, అలలు ఇసుకను తోసుకుపోవడంతో అది మళ్లీ బయటపడింది. బీచిలో తిరుగుతున్న ఒక కుటుంబం దాన్ని చూసింది. కొన్నాళ్లకు ఇసుక మళ్లీ కప్పేసింది. ఇప్పుడది సుమారు రెండు మీటర్ల లోతున ఉంది. 2019లో వేల్స్ వారసత్వ సంస్థ ఆ చోటును రక్షిత స్థలంగా ప్రకటించింది. సైనిక విమానం కూలిన చోటుకు చారిత్రక, పురావస్తు ప్రాధాన్యం చూసి అలాంటి రక్షణ ఇవ్వడం బ్రిటన్‌లో అదే మొదటిసారి. కొండ మీద ఏడు వందల ఏళ్ల నాటి కోట, కింద ఇసుకలో ఈ విమానం, రెండూ ఆ ఊరికి వారసత్వమే. నేను ఈ బొమ్మ చేయాలనుకున్నది అందుకే. అలాంటిదాని రెక్కను తప్పుగా పెట్టాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

సరిచేయడం అనుకున్నంత తేలిక కాలేదు. కొసను చిన్న రంపంతో కోస్తే చాలని మొదట అనుకున్నాను. మేస్త్రిగారు ఒప్పుకోలేదు. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఇంట పుట్టిన మనిషి, చెక్కతో లోహాన్ని చూపించడం ఆయనకు తెలుసు. “కోసిన అంచు వేరు, చిరిగిన అంచు వేరు” అని, ఖాళీ నూనె డబ్బా రేకు ఒకటి తెప్పించారు. శ్రావణంతో పట్టుకుని రెండు వైపులా లాగి చింపారు. రేకు ఒకచోట పళ్లు పళ్లుగా విడిపోయింది, ఇంకోచోట వెనక్కి మడత పడింది, మడత దగ్గర సన్నటి ముడత వచ్చింది. ఆ ముక్కను ఎదురుగా పెట్టుకుని పొనికి చెక్క మీద అదే అంచును చెక్కారు. ఒక్క రెక్క కొసకు ఒక పూట పట్టింది. దాని పక్కన పెట్టి చూస్తే మా పాత బొమ్మ దుకాణంలో కొత్తగా కొన్న ఆటవస్తువులా కనిపించింది. నాకు చాలా బాధ వేసింది.

పాతది తిరిగి ఇచ్చేవారికి కొత్తది ఉచితంగా ఇస్తాం. రానుపోను ఖర్చు మాదే. విరిగిన వస్తువు ఇంట్లో ఉండకూడదని కొందరికి పట్టింపు ఉంటుందని నాకు తెలుసు. మా అత్తగారికీ ఉంది. అలాంటివారు ఉన్న బొమ్మనే ఉంచుకోవచ్చు. కానీ దానితో వచ్చిన హార్లెక్ కార్డును మాకు తిరిగి పంపండి, 500 రూపాయలు వెనక్కి ఇస్తాం. రెండు రెక్కలూ నిండుగా ఉన్నంతవరకు అది మామూలు పీ-38 మాత్రమే.

ఇక డార్నియర్ అనే జర్మన్ బాంబర్ విమానం బొమ్మ సంగతి. వినాయక చవితికి ఇస్తామని 17 మంది దగ్గర బయానా తీసుకున్నాం. పండుగ వచ్చింది, వెళ్లింది, బొమ్మ రాలేదు. కారణం వాన. మేం ఇసుకనూ సముద్రపు అడుగునూ మక్కుతో చేస్తాం. చింతగింజల పిండిని ఉడికించి, రంపపు పొట్టు కలిపి మెత్తగా నూరిన ముద్ద అది. ఎండలో ఆరితే రాయిలా గట్టిపడుతుంది. ఈసారి ఆగస్టు అంతా హైదరాబాద్‌లో ముసురే. పైన పొర ఎండినట్టు కనిపించినా లోపల తడి అలాగే ఉండి, వారం తిరిగేసరికి బీటలు వచ్చాయి, రెండింటికి బూజు పట్టింది. ఫ్యాను కింద పెట్టాం, బల్బు వేడి చూపించాం. బీటలు ఇంకా పెరిగాయి. పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి రెజిన్ వాడితే రెండు రోజుల్లో అయిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. చెక్క పని అని చెప్పి మీ దగ్గర డబ్బు తీసుకుని రెజిన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. దసరా తర్వాత ఎండ కాసే రోజులు వస్తాయి, అప్పుడు మొదలుపెట్టి కార్తీకంలో ఇస్తాం. ఆగలేనివారికి బయానా మొత్తం వెనక్కి ఇస్తాం, కారణం చెప్పనక్కర్లేదు.

ఈ విమానం కోసం ఆగడం మాత్రం వృథా కాదని నా నమ్మకం. 1940 ఆగస్టు 26న బ్రిటన్ మీదికి దాడికి వచ్చిన జర్మన్ బాంబర్ అది. ఇంగ్లండులో కెంట్ తీరాన డీల్ అనే ఊరి ఎదుట, గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక మేటల దగ్గర కూలింది. లోపల ఉన్న నలుగురిలో ఇద్దరు బందీలుగా చిక్కారు, ఇద్దరు చనిపోయారు. విమానం సుమారు 15 మీటర్ల లోతున తలకిందులుగా పడి ఉంది. డార్నియర్ 17 జాతిలో ఇంత పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. 2013 వేసవిలో పైకి తీయబోతే గాలులు వారాల తరబడి పని సాగనివ్వలేదు. చివరికి ముందు వేసుకున్న పథకాన్ని పక్కన పెట్టి, పద్ధతి మార్చి, జూన్ 10న నీళ్లలోంచి లేపారు.

ఆ తర్వాతి పని నన్ను ఇంకా ఆకట్టుకుంది. ఉప్పునీళ్లలో డెబ్బై ఏళ్లకు పైగా నానిన అల్యూమినియం గాలి తగిలితే త్వరగా తినుకుపోతుంది. అందుకని కాస్‌ఫర్డ్‌లోని మ్యూజియంలో ముక్కలను పొడవాటి గుడారాల్లాంటి వాటిలో పెట్టి, సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిని నెలల తరబడి చిమ్ముతూ వచ్చారు. మన వంటింట్లో వాడే నిమ్మ ఉప్పే అది. శంఖాలూ నాచూ పేరుకున్న పెంకు మెల్లగా ఊడి, కింద లోహం బయటపడింది. మా బొమ్మలో పొట్ట పైకి, చక్రాల అరలు ఆకాశం వైపు ఉండేలా, సముద్రపు అడుగున దొరికిన స్థితిలోనే చూపిస్తున్నాం. చనిపోయిన ఇద్దరి సంగతీ కార్డు మీద ఉంటుంది. శత్రువులుగా వచ్చినవాళ్లే అయినా అది రాయకుండా బొమ్మ అమ్మను.

ధర 2,800 నుంచి 3,150 అవుతుంది. పొనికి చెక్క ధర పెరిగింది, మేస్త్రిగారి కూలీ నేనే పెంచాను. బయానా ఇచ్చినవారికి పాత ధరే.

చివరగా, నాకు తరచూ వచ్చే ఒక కోరిక గురించి. ఏఎన్-32 చేయమని చాలామంది అడుగుతున్నారు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతం మీద మాయమైన మన వైమానిక దళ విమానం. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌర ఉద్యోగులు. ఏడున్నర ఏళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాల చిత్రాలు దొరికాయి. హార్లెక్ చేశారు, డార్నియర్ చేస్తున్నారు, మన విమానం ఎందుకు చేయరని అడగడం సబబే.

నేను చేయను. 2010 మార్చి 3న బేగంపేటలో విమాన ప్రదర్శన జరుగుతుంటే నాన్నా నేనూ మేడ మీద నిలబడి చూశాం. నౌకాదళ సాగర్ పవన్ బృందం విమానాలు వరుసగా పైకి లేచాయి. వాటిలో ఒక కిరణ్ విమానం బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. పక్క మేడ మీద అంతసేపూ చప్పట్లు కొడుతున్న పిల్లలు, నల్లటి పొగ లేచాక కూడా కొన్ని క్షణాలు కొడుతూనే ఉన్నారు, వాళ్లకు అర్థం కాలేదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏఎన్-32లో వెళ్లినవారి పిల్లలు ఇప్పుడు విశాఖలో కాలేజీలకు వెళ్లే వయసులో ఉండి ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఏ స్నేహితుడి ఇంటికో వెళ్లి, గాజు పెట్టెలో సముద్రపు అడుగున పడి ఉన్న ఆ విమానాన్ని నా పనితనంగా చూడకూడదు. ఆ కుటుంబాల్లో ఎవరైనా వచ్చి, ఎగురుతున్న ఏఎన్-32 చేసిపెట్టమని అడిగితే చేసి ఇస్తాం, డబ్బు తీసుకోం.

హార్లెక్ బొమ్మ తిరిగి పంపేవారు రెక్కల కంటే తోక వైపు జాగ్రత్త చూడండి. వెనక్కి సాగిన ఆ రెండు కాడలూ సన్నగా ఉంటాయి, కొంచెం ఒత్తిడికే విరుగుతాయి. వాటి మధ్య ఖాళీలో పాత నూలు చీర ముక్క దూర్చి, అప్పుడు పెట్టెలో పెట్టండి. వార్తాపత్రిక కాగితం వద్దు, వానకు తడిస్తే సిరా రంగుకు అంటుకుంటుంది.