కారు మీది నీటి గార: మరక గుణం చూడకుండా యాసిడ్ పూయవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. కారు మీద పడ్డ తెల్లటి నీటి మరకలు పోవాలంటే నిమ్మరసం రుద్దమని, టూత్‌పేస్టు పూయమని, వంటసోడా చల్లమని, చివరికి బాత్‌రూము యాసిడ్‌తో తుడవమని కూడా ఇంటి చిట్కాల పేరుతో సలహాలు విరివిగా వస్తున్నాయి. వాటిలో ఒకటి రెండింటికి ఆధారం లేకపోలేదు. కానీ దేన్ని ఎంత పలచన చేయాలి, ఎంతసేపు ఉంచాలి, ఏ మరకకు అది పనికివస్తుంది, దేనికి పనికిరాదు అన్న సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల బాగుచేయబోయి పాడుచేసుకుంటున్నవారే ఎక్కువ. చాలా ఏళ్లు రసాయన శాస్త్రం బోధించినవాడిని, ఈ విషయంలో స్వయంగా నష్టపోయినవాడిని కూడా కాబట్టి, తోటి పాఠకులకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక ఎండాకాలంలో, పచ్చికకు నీళ్లు చిమ్మే గొట్టానికి దగ్గరగా నా ముదురు నీలం కారును నిలిపి ఊరు వెళ్లాను. పది రోజుల తరువాత వచ్చి చూస్తే బానెట్ నిండా, డ్రైవరు వైపు తలుపు మీద కందిగింజ పరిమాణంలో తెల్లటి ఉంగరాలు ఏర్పడి ఉన్నాయి. షాంపూ నీళ్లతో రెండుసార్లు కడిగాను. తడిగా ఉన్నంతసేపు కనబడకుండా ఉండి, ఆరగానే మళ్లీ తేలాయి. కార్లు కడిగే చోటికి తీసుకువెళ్తే, అక్కడి పనివాడు బాత్‌రూము యాసిడ్‌లో గుడ్డ ముంచి, ఎండకు కాలుతున్న బానెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచాడు. పక్కనే ఉండి కూడా నేను వారించలేదు. మచ్చలు పోయిన మాట నిజమే. మరునాడు పొద్దుటి వెలుగులో చూసేసరికి బానెట్ నడుమ అరచేయంత మేర మెరుపు చచ్చి పాలిపోయి ఉంది, ముందు భాగంలోని క్రోమియం పట్టీ నల్లబడింది. చివరకు బానెట్‌కు తిరిగి రంగు వేయించవలసి వచ్చింది. తలుపు జోలికి అతను ఇంకా రాలేదు కాబట్టి ఆ మచ్చలు మాత్రం అలాగే మిగిలాయి. ఇంట్లో తీరికగా వాటి మీద పనిచేస్తూనే అసలు విషయం నేర్చుకున్నాను.

భూగర్భ జలంలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. నీటి బొట్టు ఆరుతున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలికిపోయి, కరిగి ఉన్న బైకార్బనేటు నీటిలో కరగని కార్బనేటుగా మారి అక్కడే పేరుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే గార, కారు మీద పట్టే గార ఒకటే. నీటిలో కరిగిన ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదునే కాఠిన్యం అంటారు, దాన్ని కాల్షియం కార్బనేటు లెక్కలో చెబుతారు. లీటరుకు 180 మిల్లీగ్రాములకు మించి కాఠిన్యం ఉంటే ఆ నీటిని అతి కఠిన జలంగా లెక్కిస్తారు. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటితో కారు కడిగి, పావు లీటరు నీరు తుడవకుండా వదిలేశామనుకుందాం. ఆ నీరు ఆరిపోయాక కారు ఒంటి మీద సుమారు 100 మిల్లీగ్రాముల గార మిగిలిపోతుంది. అది కూడా సమంగా పరచుకోదు. బొట్టు అంచు ముందుగా ఆరుతుంది కాబట్టి గార అంచునే ఎక్కువగా చేరుతుంది, మచ్చ ఉంగరంలా కనిపించడానికి కారణం ఇదే.

ఈ గార దేని మీద కూర్చుంటుందో తెలిస్తే ఎందుకింత జాగ్రత్త అంటున్నానో అర్థమవుతుంది. ఇప్పటి కార్లలో రంగు పొర పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువే. కారుకు మెరుపునిచ్చేది ఆ పూత, అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేదీ ఆ పూతే. గరుకు పీచుతోనో, ఇసుక రేణువులు చిక్కుకున్న గుడ్డతోనో గారను గీకితే గారతోపాటు ఆ పూత కూడా గీసుకుపోతుంది. దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువు గాజును సైతం గీయగలిగినప్పుడు, ఈ పలచని పూత దాని ముందు నిలవలేదు.

అందువల్ల మరక గుణం తెలుసుకోవడమే మొదటి పని. కారును నీడలో పెట్టి, చల్లారనిచ్చి, షాంపూతో కడిగి, పూర్తిగా తుడిచిన తరువాత మచ్చ మీద వేలి కొస మెల్లగా నడిపించి చూడాలి. పలచని ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి తడిమితే గరుకుదనం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గరుకుగా, కాస్త ఎత్తుగా తగిలితే అది పైన పేరుకున్న గార. నున్నగానే ఉండి కూడా మచ్చ కనిపిస్తుంటే, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడాలి. అంచు గట్టులా ఉండి నడుమ గుంట పడినట్టు కనబడితే, గార పూతను అప్పటికే తినేసి ఉందన్నమాట. మొదటిది కరిగేది, రెండోది కరిగేది కాదు. ఈ తేడా చూడకుండా గుంటకు కూడా ఆమ్లం పూసేవారు పూతను మరింత పాడుచేస్తున్నారు, ఎందుకంటే అక్కడ కరగడానికి గార అంటూ ఏమీ ఉండదు.

పైన పేరుకున్న గారకు తెల్ల వెనిగర్ సరిపోతుంది. అందులో ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతం ఉంటుంది. దానికి సమానంగా శుద్ధజలం, అంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవాలి. కొళాయి నీరు కలిపితే కొత్త గారను మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది. ముందుగా తలుపు కింది అంచు వంటి కనబడని చోట పరీక్షించి, తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి మచ్చల మీద పరిచి ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి, ఆరనివ్వకూడదు. నా కారు తలుపు మీద గుడ్డ వేసే ముందు ఒక్క ఉంగరం మీద వెనిగర్ చుక్క వేసి భూతద్దంతో చూశాను. ఉంగరం అంచు వెంబడి ఆవగింజ కన్నా చిన్న బుడగలు వరుసగా లేచాయి, నిమిషం తిరిగేసరికి ఆ వరుస అక్కడక్కడా తెగి, తెల్లటి గీత కాస్తా విడిపోయింది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, గార కాల్షియం ఎసిటేటుగా మారి నీటిలో కరిగిపోతోందనడానికి అదే గుర్తు. ఆ తరువాత రుద్దకుండా ఒక్కసారి తుడిచి, ధారాళంగా నీళ్లు పోసి, షాంపూతో కడిగి, పొడిగుడ్డతో తేమ అద్దాలి. మొండి మచ్చలకు ఇదే పని రెండు మూడుసార్లు చేయవచ్చు గాని, ఒకేసారి పావుగంట నానబెట్టడం మంచిది కాదు. రంగు లేచిపోయి ఇనుము బయటపడ్డ చోట్ల వెనిగర్ తగలనీయకూడదు. ఆమ్లం కారు మీది వ్యాక్స్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి పని ముగిశాక తిరిగి వ్యాక్స్ పూయడం తప్పనిసరి.

నిమ్మరసం కూడా ఆమ్లమే కదా అని కొందరు అడుగుతారు. అయితే ఎసిటిక్ ఆమ్లం గాలికి ఎగిరిపోయే గుణం కలది, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఎగిరిపోదు. నీరు ఆరేకొద్దీ అది చిక్కబడి పూత మీదనే ఉండిపోతుంది. రసంలోని చక్కెర, గుజ్జు దానికి తోడై జిగటగా అంటుకుంటాయి. ఇక వెనిగర్, వంటసోడా కలిపి నురగ రాగానే పని జరుగుతోందని మురిసిపోయేవారికి ఒక మాట చెప్పాలి: ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకోవడం వల్ల వచ్చే నురగ అది, దాని తరువాత గారను కరిగించే బలం రెండింటిలోనూ మిగలదు. టూత్‌పేస్టులో ఉండేది మెత్తని రాపిడి పొడి, అది పళ్ల కోసం తయారైనదే గాని కారు పూత కోసం కాదు. బాత్‌రూము యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం క్రోమియాన్ని, అల్యూమినియాన్ని, ఇనుమును తినేస్తుంది, దాని పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పొరపాటున బ్లీచింగ్ ద్రవంతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అన్నిటికన్నా భయపడవలసింది ఇసుక జాతి గార కోసం కొందరు వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లపు మందులకు. అది గాజునే తినే ఆమ్లం. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుని ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

సిలికా, అంటే ఇసుక జాతి గార, కాల్షియం సల్ఫేటు వంటివి వెనిగర్‌కు సరిగా లొంగవు. వాటికీ, గుంట పడ్డ మచ్చలకూ పాలిష్ ఒక్కటే దారి. పాలిష్ అంటే పూతను సన్నగా అరగదీయడమే, మచ్చను తుడవడం కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఒకసారి మెత్తని పాలిష్ పెడితే ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోవచ్చు, గరుకు కాంపౌండ్‌తో, అంటే రాపిడి ముద్దతో, ఇంకా ఎక్కువ పోతుంది. 40 మైక్రాన్ల పూతలో అలా ఎన్నిసార్లు తీయగలమో లెక్క కట్టుకోవాలి. పాలిష్ పట్టే ముందు మందం కొలిచే మీటరు పెట్టి చూడమని పనివారిని అడగడం యజమాని హక్కు. గుంట మరీ లోతైతే దాన్ని పూర్తిగా పోగొట్టాలని పట్టుబట్టకుండా, అంచులు మెత్తబడేవరకు తీసి ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం.

మిగతా మరకల గురించి క్లుప్తంగా. పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది, ఎండలో గంటల వ్యవధిలోనే పూతను తినగలదు. ఎండిన రెట్టను గీకకుండా తడిగుడ్డ పరిచి నాననిచ్చి ఎత్తివేయాలి. తారు చుక్కలు నీటికి గాని, వెనిగర్‌కు గాని లొంగవు, వాటికి తారు కరిగించే ద్రావకం కావాలి. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను గోధుమరంగు చుక్కలుగా దిగబడుతుంది. దానికి వాడే మందు ఇనుము తగలగానే ఊదారంగుకు మారుతుంది కాబట్టి అది ఎక్కడ ఉందో కంటికి కనిపిస్తుంది.

ఈ శ్రమ అంతా తప్పించేది నీళ్లు ఆరకముందే తుడవడం. ఎండలో కడగకుండా, ఒక్కో భాగం కడిగి వెంటనే తుడిచి, చివరిగా లవణాలు తీసిన నీటితో తడిపితే గార పట్టే అవకాశమే ఉండదు. నీటి కాఠిన్యాన్ని తగ్గించే యంత్రం నుంచి వచ్చిన నీటిలోనూ సోడియం లవణాలు మిగిలి మచ్చలు పడతాయి, అయితే అవి మామూలు కడుగుడుకే పోతాయి.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. కార్లు కడిగే చోట్ల వాడుతున్న నీటి కాఠిన్యాన్ని, మరకలకు పూస్తున్న మందు పేరును అందరికీ కనబడేలా బోర్డు మీద రాసి పెట్టాలి. పత్రికలు ఇంటి చిట్కాలు ప్రచురించేటప్పుడు ద్రవం బలం, పలచన చేసే పాళ్లు, ఉంచవలసిన సమయం, వాడకూడని చోట్లు అనే నాలుగు వివరాలూ లేని చిట్కాను అచ్చు వేయకుండా ఉండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు