అప్‌డేట్ వెనక్కి తీయమని ఐదు రోజులు అడిగాను, ఒక్కరూ వినలేదు

మా వెబ్‌సైట్‌ను నడిపి పెట్టే హోస్టింగ్ కంపెనీలో కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

ఈ ఉత్తరాన్ని మీ చాట్‌లో పెట్టడం లేదు, టికెట్‌గానూ (మీ సైట్‌లో నంబరుతో నమోదయ్యే ఫిర్యాదు) పంపడం లేదు. అక్కడ రాసింది ఎవరూ చదవరని జనవరి 3 నుంచి 7 దాకా నాకు బాగా తెలిసొచ్చింది. అందుకే కాగితం మీద రాసి, మీ పేరున స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. పొడుగ్గా ఉందని పక్కన పెట్టకండి. చివరిదాకా చదవండి.

మేం ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగులద్ది చేసే బొమ్మలు. 2020లో లాక్‌డౌన్‌తో ఎగ్జిబిషన్లన్నీ ఆగిపోయి, చేసిన బొమ్మలు చేసినట్టే ఇళ్లలో ఉండిపోతే, మీ దగ్గర చిన్న ప్లాన్ తీసుకుని వెబ్‌సైట్ పెట్టాం. అప్పటి నుంచి రెన్యువల్ డబ్బు ఒక్క రోజు కూడా ఆలస్యంగా కట్టలేదు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు కనిపించాక మాకు ఆర్డర్లు పెరిగాయి. అప్పుడు మీ సేల్స్ వాళ్లే ఫోన్ చేశారు. "మేడమ్, బొమ్మల సంగతి మీరు చూసుకోండి, సైట్ సంగతి మాకు వదిలేయండి. అప్‌డేట్లు మేమే వేస్తాం, ఏదైనా తేడా వస్తే ఒక్క క్లిక్‌తో పాత స్థితికి తెచ్చేస్తాం" అని చెప్పి, మూడు రెట్లు ఖరీదైన ప్లాన్‌కి మార్పించారు. ఆ మాట నమ్మాను. నమ్మడమే కాదు, మా చెల్లెల్ని, విశాఖలో చీరలు అమ్మే మా వదినని కూడా మీ దగ్గరే చేర్పించాను.

జనవరి 3 శనివారం తెల్లవారుజామున 2 గంటలకి మీ సిస్టమ్ మా సైట్‌లో తొమ్మిది ప్లగిన్లకీ (సైట్‌కి అదనపు పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు), థీమ్‌కీ (సైట్‌కి రూపం ఇచ్చేది) ఒకేసారి అప్‌డేట్ వేసింది. పొద్దున్న చూస్తే బొమ్మలు కనబడుతున్నాయి, కార్ట్‌లో పడుతున్నాయి, "ఆర్డర్ ఇవ్వండి" బటన్ మాత్రం ఎంత నొక్కినా కదలడం లేదు. అప్‌డేట్ పాడైనందుకు నేను ఈ ఉత్తరం రాయడం లేదు. సాఫ్ట్‌వేర్ అన్నాక ఒక్కోసారి అలా అవుతుంది, నాకూ తెలుసు. ఆ తర్వాత ఐదు రోజులు మీ వాళ్లు నన్ను చూసిన తీరు గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను ఏమీ తెలియకుండా మీ మీద పడలేదు. పొద్దున్నే కూర్చుని, మా థీమ్ తీసి, మా సైట్ నడిచే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మామూలు థీమ్ పెట్టి చూశాను. బటన్ పనిచేసింది. మా థీమ్ పెడితే మళ్లీ ఆగింది. ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వెళ్తే పేమెంట్ ప్లగిన్ దగ్గర ఇంకో చిక్కు దొరికింది. యూపీఐలో డబ్బు కట్టినా ఆర్డర్ "పెండింగ్" అనే చూపిస్తోంది. అందుకే 8.20కి మీకు స్పష్టంగా రాశాను: థీమ్ ఫోల్డర్, పేమెంట్ ప్లగిన్ ఫోల్డర్, ఈ రెండే శుక్రవారం రాత్రి బ్యాకప్‌లోంచి తీసి పెట్టండి. డేటాబేస్ ముట్టుకోవద్దు, అందులో ఆర్డర్లున్నాయి. వెనక్కి తీశాక ఈ రెండింటికీ ఆటో అప్‌డేట్ ఆపండి. ఇంతే. ఈ మూడు వాక్యాలే ఐదు రోజుల్లో పదకొండు సార్లు పంపాను. ఒక్కసారి కూడా ఎవరూ పూర్తిగా చదవలేదు.

మొదట మీ చాట్ బాట్ వచ్చింది. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది" అని, పాస్‌వర్డ్ మార్చుకోవడం ఎలాగో చూపించే పేజీ ఇచ్చింది. మనిషి కావాలని నాలుగు సార్లు టైపు చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు, క్లియర్ చేయమన్నాడు. చేశాను. వేరే బ్రౌజర్‌లో చూడమన్నాడు. చూశాను. ఫోన్‌లో చూడమన్నాడు. అదీ చూసి ఫొటో పంపాను. ఐదు నిమిషాలు ఆగమన్నాడు. నలభై నిమిషాల తర్వాత "మీ నుంచి స్పందన లేనందున చాట్ ముగిస్తున్నాం" అని వచ్చింది. ఆ నలభై నిమిషాలూ నేను స్క్రీన్ ముందు నుంచి లేవలేదు. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

మధ్యాహ్నం ఇంకో అమ్మాయి. మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అంతా విని, "ప్లగిన్లు థర్డ్ పార్టీవి మేడమ్, వాటిని తయారుచేసిన వాళ్లని అడగండి" అంది. అమ్మా, ప్లగిన్ వాళ్లదే, అర్ధరాత్రి దాన్ని మార్చింది మీరు కదా అన్నాను. అప్పుడామె చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "వర్డ్‌ప్రెస్‌లోనే ఆటోమేటిక్ రోల్‌బ్యాక్ ఉంటుంది మేడమ్. సమస్య ఉండి ఉంటే అదే వెనక్కి పోయేది. పోలేదంటే అప్‌డేట్ బాగున్నట్టే." ఆ సదుపాయం 2024 జులైలో 6.6 వెర్షన్‌తో వచ్చింది. ప్లగిన్ దానంతటదే అప్‌డేట్ అయ్యాక పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రర్‌తో (కోడ్ నడవడమే ఆగిపోయే తప్పు) సైట్ పడిపోతేనే అది ప్లగిన్‌ని వెనక్కి తీస్తుంది. సైట్ తెరుచుకుని బటన్ ఒక్కటే చచ్చిపోతే దానికి తెలియదు. థీమ్ జోలికి అసలు పోదు. బొమ్మలు అమ్ముకునే నేను ఆ పూటే చదివి ఇంత తెలుసుకున్నాను. ఇదే పనికి జీతం తీసుకునే మనిషికి తెలియకపోతే పోనీ, తెలుసుకుని చెప్తానని కూడా అనలేదే!

సాయంత్రం ఫోన్ చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంది, నొక్కాను. ముప్పై ఐదు నిమిషాలు పాట విన్నాక హిందీలో మాట్లాడే ఆయన వచ్చాడు. నాకొచ్చిన హిందీలోనే చెప్పాను. సీనియర్ టీమ్‌కి పంపానని, రెండు గంటల్లో ఫోన్ వస్తుందని అన్నాడు. ఆ ఫోన్ ఈ రోజుకీ రాలేదు.

ఆదివారం టికెట్‌కి జవాబు వచ్చింది. రోల్‌బ్యాక్ ప్లగిన్ ఒకటి వేసుకుని పాత వెర్షన్ ఎంచుకోమని. అలాంటి ప్లగిన్ వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో (వాళ్ల అధికారిక జాబితా) ఉచితంగా దొరికే వాటి పాత వెర్షన్లే తెస్తుంది. మా థీమ్, పేమెంట్ ప్లగిన్ రెండూ డబ్బు పెట్టి కొన్నవి. వాటి పాత ఫైళ్లు డైరెక్టరీలో ఉండవు. ఉన్న చోటు ఒక్కటే, మీ బ్యాకప్. అదే కదా నేను శనివారం నుంచి అడుగుతున్నది! ఈ మాటే తిరిగి రాశాను. ఆ జవాబు వేరే టికెట్ నంబర్ కింద పడిందట. సోమవారం పొద్దున్న మొదటి టికెట్ "కస్టమర్ స్పందించనందున పరిష్కరించబడినది" అని మూసేశారు. నేను పంపిన మూడు మెయిళ్ల తేదీలు, టైములు ఈ ఉత్తరం వెనక జత చేశాను. చూడండి.

సోమవారం మధ్యాహ్నం ఏటికొప్పాక వెళ్లాను. మాకు బొమ్మలు చేసిచ్చే పెద్దాయన ఇంట్లో వరండా నిండా అట్టపెట్టెలు. దశావతారాలు, పెళ్లి బొమ్మలు, బొంగరాలు, ఎడ్లబండ్లు, అన్నిటినీ కాగితం ముక్కల్లో సర్ది, మీద పేరు రాయడానికి చోటు వదిలి పెట్టారు. అడ్రసు చీటీ ఒక్కటీ లేదు. ఆయన లక్క అంటిన వేళ్లు పంచెకి తుడుచుకుంటూ, "ఏటైందమ్మా, ఈ ఏడు కొలువులు పెట్టట్లేదేటి జనం?" అని అడిగాడు. కంప్యూటర్‌లో చిన్న తేడా వచ్చింది బాబాయ్, రేపటికి బాగైపోతుందని చెప్పాను. మీ వాళ్లు నాతో అన్న "రేపటికి" నేను ఆయనతో అన్నాను. సంక్రాంతికి ముందు పదిహేను రోజుల అమ్మకం మీదే ఆ ఇంటికి సగం ఏడాది గడుస్తుంది. ఆయన మొహం చూసి అబద్ధమాడాల్సి వచ్చినందుకు నాకు ఎంత సిగ్గేసిందో మీకు చెప్పలేను.

మంగళవారం ఎట్టకేలకు మీ వాళ్లొకరు పని చేశారు. నన్ను అడగకుండా, ఫోన్ చేయకుండా, డిసెంబర్ 30 నాటి బ్యాకప్ మొత్తాన్ని, డేటాబేస్‌తో సహా, సైట్ మీదకి తెచ్చి పెట్టేశారు. "డేటాబేస్ ముట్టుకోవద్దు" అని అప్పటికి తొమ్మిది సార్లు రాసి ఉన్నాను. ఆ ఒక్క క్లిక్‌తో డిసెంబర్ 31 నుంచి వచ్చిన 43 ఆర్డర్లు మాయమయ్యాయి. డబ్బు మా ఖాతాలో ఉంది, ఎవరికి ఏ బొమ్మ పంపాలో సైట్‌లో లేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని పాత మెయిళ్లలోంచి ఒక్కో అడ్రసూ చేత్తో ఎక్కించుకున్నాను. దొరకని ఏడుగురికి ఫోన్ చేశాను. శ్రీకాకుళం నుంచి ఒకావిడ, "డబ్బు తీసుకున్నాక అడ్రసు అడుగుతున్నారేంటండీ, ఇది మోసం కాదు కదా?" అన్నారు. ఐదున్నరేళ్లలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆవిడ తప్పేం లేదు. మీ వల్ల పడ్డాను ఆ మాట. పైగా ఆర్డర్ నంబర్లు కూడా వెనక్కి వెళ్లిపోవడంతో కొత్తగా కొన్న వాళ్లకి పాత వాళ్ల నంబర్లే పడ్డాయి. ఒకరి పార్సిల్ ఇంకొకరికి వెళ్లకుండా చూసుకోవడానికి ఇప్పటికీ రెండేసి సార్లు సరిచూస్తున్నాం.

ఇంత చేసి, ఆటో అప్‌డేట్ ఆపలేదు. మంగళవారం రాత్రి 2 గంటలకి మీ సిస్టమ్ లేచి, అవే అప్‌డేట్లు మళ్లీ వేసేసింది. బుధవారం పొద్దున్న బటన్ మళ్లీ ఆగిపోయింది. శనివారం నేను రాసిన మూడు వాక్యాల్లో చివరి వాక్యం చదివి ఉంటే ఇది జరిగేదా? చాట్‌లో అడిగితే మళ్లీ క్యాష్ క్లియర్ చేయమన్నారు. ఆ మాట చూసి నేను ఏడ్చాను. దాచుకోవడానికేం లేదు, కోపంతో ఏడ్చాను.

చివరికి బాగుచేసింది మీరు కాదు. అనకాపల్లిలో కంప్యూటర్లు రిపేరు చేసే కుర్రాడు. నా పాత ల్యాప్‌టాప్‌లో, కొన్నప్పుడు దించుకున్న థీమ్ జిప్, పేమెంట్ ప్లగిన్ జిప్ వెతికి తీశాడు. ముందు రెండింటికీ ఆటో అప్‌డేట్ ఆపాడు. సైట్ కాపీ ఒకటి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత జిప్‌లు అప్‌లోడ్ చేసి, ఉన్నదాని బదులు ఇది పెట్టమనే బటన్ నొక్కాడు. వర్డ్‌ప్రెస్‌లో 5.5 నుంచీ, అంటే 2020 నుంచీ ఉన్న సదుపాయమే అది. ఒక పది రూపాయల ఆర్డర్ పెట్టి యూపీఐలో కట్టి చూశాడు. "ప్రాసెసింగ్" అని, అంటే డబ్బు అందినట్టు వచ్చింది. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. ఐదు వందలు ఇస్తే మూడొందలు చాలన్నాడు. మీకు మేం ఏడాదికి కట్టేదెంతో మీ బిల్లుల్లోనే ఉంది.

ఇప్పుడు మీరు ఏం చేస్తారో చెప్పండి. ఈ ఏడాది ప్లాన్ డబ్బు వాపసు కావాలి. పోయిన అమ్మకానికి పరిహారం సంగతి మీరే ఆలోచించి చెప్పండి. ఇక మీద మా సైట్‌లో ఏ అప్‌డేట్ వేసినా ముందు రోజు చెప్పి, టెస్ట్ కాపీలో ఆర్డర్ పెట్టి చూసి, ఆ తర్వాతే వేయాలి. పండగ ముందు పదిహేను రోజులు అసలు ముట్టుకోకూడదు. అన్నిటికంటే ముందు, మీ దగ్గరి నుంచి ఒక మనిషి ఫోన్ చేయాలి. ఆ పదకొండు మెసేజ్‌లూ చదివిన మనిషి. చదవని వాళ్లు చేసి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేటట్టయితే అక్కర్లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపు పరిష్కరించాలి. ఈ కాగితం మీకు అందిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడితో ఆగను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా, నేనుండే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మాది బతుకుతెరువు కోసం ఇంటిల్లిపాదీ చేసుకునే పని, కాబట్టి వాణిజ్యం అని తప్పించుకోలేరు. ప్రతి చాట్ స్క్రీన్‌షాట్, ప్రతి కాల్ టైము దాచిపెట్టాను. మా రెన్యువల్ మార్చిలో ఉంది. చెల్లెలిది ఏప్రిల్, వదినది జూన్. ముగ్గురం ఒకేసారి వెళ్లిపోవడానికి వేరే చోట ఇప్పటికే మాట్లాడాను.

నా నంబరు మీ దగ్గరే ఉంది. పగలు 10 నుంచి 1 దాకా పార్సిళ్లు కట్టే పనిలో ఉంటాను, ఆ తర్వాత ఎప్పుడైనా ఎత్తుతాను. తెలుగు వచ్చిన వాళ్ల చేత చేయించండి.

ఇట్లు,
ఐదున్నరేళ్లుగా మీ కస్టమర్‌ని,
అనకాపల్లి జిల్లా, జనవరి 9

జతచేసినవి: 11 మెసేజ్‌ల ప్రింట్లు, మూడు మెయిళ్ల తేదీలు, టైములు, మూసేసిన టికెట్ ప్రింట్, మాయమైన 43 ఆర్డర్ల పట్టిక