ఫొటోలో వద్దన్నవి

సంపాదకులకు నమస్కారం.

డేటింగ్ యాప్‌లలో ఎంత పలకరించినా అమ్మాయిలు బదులివ్వరని, వాళ్లకు పొగరెక్కువని కుర్రవాళ్లు వాపోవడం, పెద్దలు సైతం దానికి వంత పాడడం ఈ మధ్య తరచుగా వింటున్నాను. తిరుపతి బైరాగిపట్టెడలో 26 ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న నాకు ఈ మాటలో సగమే నిజం కనిపిస్తోంది. ఒకప్పుడు పెళ్లిచూపులకు ముందు పంపే నిలువెత్తు ఫొటో కోసం తల్లీకూతుళ్లు కలిసి వచ్చేవారు. ఇప్పటి పిల్లలు ఒంటరిగా వస్తున్నారు. ఫొటో దేనికని నేను అడగను గానీ, ప్రింటు వద్దు, ఫోనుకు పంపితే చాలన్నప్పుడు సంగతి అర్థమవుతుంది.

అబ్బాయిలకు నల్ల కళ్లద్దాలు కావాలి, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన బుల్లెట్ కావాలి, ఎన్నడూ వెళ్లకపోయినా వెనక తలకోన జలపాతం కావాలి. అమ్మాయిల పట్టింపు వేరు. కిందటి నెలలో ఒక ఉద్యోగిని తన ఫోనులోని ఫొటోనే తెచ్చి, మెడలోని ఐడీ కార్డు తాడును తీసేయమంది. ఆ తాడు రంగు చూసి ఎక్కడ పనిచేస్తుందో ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారట. వెనక కనిపించే వీధిని మసక చేయించింది, స్కూటీ నంబరు చెరిపించింది. అంతా అయ్యాక "అంకుల్, మీ కంప్యూటర్‌లో కూడా ఉంచకండి" అని, నేను దాన్ని తుడిచేసేదాకా పక్కనే నిలబడింది.

ఆ జాగ్రత్తను పొగరనడం అన్యాయం. యాప్‌లో మేనమామ కంటబడితే అబ్బాయికి నాలుగు రోజుల వేళాకోళంతో పోతుంది. అదే అమ్మాయి అయితే ఆ వారమే హాస్టల్ ఖాళీ చేయించి, సంబంధాలు చూడడం మొదలుపెడతారు. అందుకే ఆమె ఒక్కొక్కరినీ పదిసార్లు చూసి, ఎక్కడైనా తేడా అనిపిస్తే మాట కలపకుండానే తప్పుకుంటుంది.

అబ్బాయిల బాధ కూడా ఉత్తది కాదు. అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ 2022లో జరిపిన సర్వేలో, అంతకుముందు ఏడాదిలో ఈ యాప్‌లు వాడిన మగవారిలో 64 శాతం మంది తమకు సందేశాలు రావడం లేదని ఆత్మవిశ్వాసం కోల్పోయినట్టు చెప్పగా, ఆడవారిలో 54 శాతం మంది వచ్చిపడే సందేశాలతో ఉక్కిరిబిక్కిరయ్యామన్నారు. అది అమెరికా లెక్కే అయినా, నా స్టూడియోలో వినే మాటలకు దూరంగా లేదు. బదులు రాని అబ్బాయి కనబడిన ప్రతి ఫొటోనూ ఇష్టపడుతూ అందరికీ ఒకే "హాయ్" పంపుతాడు; ఆ హాయ్‌ల వరద చూసి ఆమె వడపోత ఇంకా బిగిస్తుంది; దాంతో అతడు మరో వందమందికి పంపుతాడు.

ఈ సంగతి కంపెనీలకు తెలియనిది కాదు. 2018లో మన దేశానికి వచ్చిన బంబుల్ అనే డేటింగ్ యాప్, ఆడవారే ముందు పలకరించాలన్న అప్పటి నియమంతో పాటు, పేరులో మొదటి అక్షరం మాత్రమే కనిపించే వీలును కూడా వారికి ఇక్కడ కల్పించింది. ప్రభుత్వం మాత్రం 2016లో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లకు మార్గదర్శకాలిచ్చి, సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని, తమ సైటు డేటింగ్ కోసం కాదని ప్రకటించాలని చెప్పింది. డేటింగ్ యాప్‌లు ఆ గీతకు అవతలే మిగిలిపోయాయి. అవతలి మనిషి ఎవరో తేల్చుకునే భారమంతా ఇప్పటికీ అమ్మాయి మీదే ఉంది. ఈ యాప్‌ల మోసాలపై వార్తలు వేసేటప్పుడు "ఆమె ఎందుకు నమ్మింది" అని కాక, గుర్తింపు చూడకుండా అతణ్ని యాప్‌లో ఎలా చేర్చుకున్నారని మీ పత్రిక అడగాలని నా మనవి.

నా వంతుగా, వచ్చిన అబ్బాయిలకు కళ్లద్దాలు లేకుండా, ముఖం స్పష్టంగా తెలిసేలా ఒక ఫొటో ఊరికే తీసిస్తానని చెబుతున్నాను. ఇప్పటికి ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతావారు బుల్లెట్టే కావాలన్నారు.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
బైరాగిపట్టెడ, తిరుపతి